సంభావన నుంచి ‘ఐటెం’ దాకా: పాలమూరు రాతగాడి కూలి చరిత్ర

మన సాహిత్య చరిత్రలు కవి పుట్టిన ఊరు చెబుతాయి. కృతిభర్త పేరు చెబుతాయి. ఛందస్సు, అలంకారం చెబుతాయి. ఆ కవి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో మాత్రం చెప్పవు. ఒకవేళ చెప్పినా దాన్ని రాజుగారి ఔదార్యం కింద జమ కడతాయి గాని, కవి శ్రమకు ముట్టిన ప్రతిఫలంగా లెక్కించవు. రచన కూడా శ్రమేనని ఒప్పుకోవడానికి మన విమర్శ ఈనాటికీ మొహమాటపడుతూనే ఉంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలలో ఇవాళ కొందరు యువతీ యువకులు సినిమా వార్తలు రాసి బతుకుతున్నారు. నా దగ్గర పదో తరగతి తెలుగు చదివినవారు కూడా వారిలో ఉన్నారు. హైదరాబాదులో ఎక్కడో ఉండే వినోద వెబ్‌సైటుకు, ఇంటి నుంచి కదలకుండా, ఒక్కో ‘ఐటెం’కు ఇంత అని మాట్లాడుకుని రాస్తారు. కొత్త సినిమా ముహూర్తం, ఒక నటి పెళ్లి కబురు, ఈ వారం ఓటీటీలో వచ్చేవి, మొదటి ఆట చూసివచ్చిన వారి అభిప్రాయం, ఇవీ ఐటెంలు. ఫ్రీలాన్సర్లమని వారు చెప్పుకుంటారు. సాహిత్యకారులమని వారు అనుకోరు, మనమూ అనుకోం. కాని ప్రతిరోజూ తెలుగు వాక్యం రాసి, ఆ వాక్యాన్ని అమ్ముకుని అన్నం తినే మనిషిని రచయిత అనక మరేమనాలి?

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఒక్కటే. రచయితకు కూలి ఏ రూపంలో ముడుతుందో ఆ రూపమే అతని రచన రూపాన్ని కూడా మలుస్తుంది. దీనికి పాలమూరు దక్షిణ భాగం కంటే మంచి నిదర్శనం దొరకడం కష్టం. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలుగా ఏర్పడిన ఈ ప్రాంతంలో, ఉద్యోగం లేకుండా కలం మీద బతికే మనిషి కొత్తవాడు కాడు. అతని చరిత్రకు మూడు నాలుగు దశలు స్పష్టంగా కనిపిస్తాయి.

1

మొదటిది సంస్థానాల దశ. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానాలు నిజాముకు లోబడి ఉంటూనే తమ తమ సభలు నడుపుకున్నాయి. జటప్రోలు ప్రభువులు తరువాత కొల్లాపురానికి మారారు. అమరచింత వారి సభ ఆత్మకూరులో జరిగేది. జటప్రోలు పాలకుడు సురభి మాధవరాయలే ‘చంద్రికా పరిణయము’ రాసిన కవి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరే స్థిరపడింది. తూమాటి దొణప్పగారు సంస్థానాల సాహిత్య పోషణ మీద చేసిన పరిశోధనలో ఈ సభల వైభవం విస్తారంగా కనిపిస్తుంది.

ఆ సభలకు వచ్చిన పండితులందరూ కొలువు చేసినవారు కారు. ఆస్థాన కవులు కొద్దిమందే. మిగిలినవారు సంచారులు. ఒక సంస్థానంలో సభ ముగించుకుని మరొక సంస్థానానికి మూట సర్దుకునేవారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గార్లు, అంటే మన తిరుపతి వేంకట కవులు, కోస్తా నుంచి బయలుదేరి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగారు. అలాంటి తిరుగుళ్లలో చెప్పిన పద్యాలే ‘నానారాజసందర్శనము’ అయ్యాయి. సభలో నెగ్గితే సంభావన, ప్రభువు మెచ్చితే ఏటా అందే వార్షికం. నేటి భాషలో చెప్పాలంటే వారు ఫ్రీలాన్సర్లు. ఒక యజమానికి కట్టుబడని కలం కూలీలు.

ఈ కూలి ఏ రచనారూపాన్ని తయారుచేసింది? సంభావన ఒక్క సభలోనే తేలిపోవాలి. ప్రభువు ఎదుట, ప్రత్యర్థి పండితుల ఎదుట, పూట గడవక ముందే ప్రతిభ రుజువు కావాలి. అందుకే అవధానం వర్ధిల్లింది. ఆశువు, సమస్యాపూరణం, దత్తపది, చాటువు వర్ధిల్లాయి. ఇవి కేవలం మేధావిలాసం వల్ల పుట్టిన ప్రక్రియలని అనుకోవడం పొరపాటు. ప్రతిఫలం అక్కడికక్కడే నిర్ణయమయ్యే సంతలో ఎక్కువ ధర పలికే సరుకు అదే. తీరిగ్గా రాసిన కావ్యాన్ని చదివే ఓపిక సభకు లేదు. గంట వ్యవధిలో పది చిక్కులు విప్పే ధారణ మీద సభకు మోజు.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ సభలో తీర్పరులు విషయం తెలిసినవారు. యతి తప్పితే పట్టుకునేవారు. పద్యం కవి పేరుతోనే ఊరూరా తిరిగేది. ఇంతమాత్రం చేత సంస్థాన యుగాన్ని స్వర్ణయుగమని కీర్తించనవసరం లేదు. ప్రభువు చేతి పళ్లెంలోని రూపాయి రైతు కట్టిన శిస్తే. ఆ పళ్లెం అందుకోవడానికి సంస్కృతం కావాలి, కులం కావాలి. అదే గడ్డ మీద వీధి భాగవతం ఆడినవాడికీ, శారద పట్టి కథ చెప్పినవాడికీ ముట్టింది కళ్లం దగ్గర చేటెడు గింజలు. రాత్రంతా ఊరిని మేల్కొలిపిన ఆ కళాకారుల పేర్లు ఏ సంపుటంలోనూ లేవు. వినోదం అందించేవాడి పేరు చెరిపెయ్యడం మనకు పాత అలవాటే.

2

రెండవ దశను తెచ్చింది అచ్చుయంత్రం. దాని ప్రతినిధి కూడా ఈ గడ్డ మనిషే. గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడులో 1896 మే 28న పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ ప్రారంభించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పత్రిక పెట్టడమే సాహసం. సంపాదకీయం మొదలు ప్రూఫుల దాకా ఆయనే చూసుకునేవారు. పలు మారుపేర్లతో పలు రకాల వ్యాసాలు రాసి పేజీలు నింపేవారు.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు సమాధానంగా 1934లో ఆయన వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులు ఉన్నారు. అందులో పద్యం అచ్చయినందుకు ఎవరికీ సంభావన లేదు. పళ్లెం లేదు, శాలువా లేదు. కాని పేరు ఉంది, ఊరు ఉంది. ఆ పేర్ల జాబితాయే ఒక రాజకీయ ప్రకటన అయింది. అణచివేతకు గురైన భాష తన జనాభా లెక్క తానే రాసుకుంది. ఇక్కడ రచనా రూపం కూడా మారిపోయింది. ప్రభువు చెవి కోసం కాక, కంటికి కనపడని పాఠకుడి కోసం రాయవలసి వచ్చింది. కనుక వ్యాసం వచ్చింది, కథ వచ్చింది, సంపాదకీయం వచ్చింది. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజులను పక్కకు నెట్టి జనం తిండి, బట్ట, ఆట, పాటలకు చరిత్రలో చోటిచ్చింది. ఆ గ్రంథమే 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన మొదటి తెలుగు గ్రంథమైంది. అప్పటికి ఆయన లేరు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికై, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు.

ఈ దశను తలచుకుని కొందరు పెద్దలు నేటి యువకులతో, ‘మేం ఉచితంగా రాశాం, మీకు డబ్బెందుకు’ అంటూ ఉంటారు. ఈ వాదం చెల్లదు. ఉద్యమం కోసం ఉచితంగా రాయడం ఒకటి, లాభం కోసం నడిచే వ్యాపారానికి ఉచితంగా రాయడం మరొకటి. మొదటిది త్యాగం. రెండవదాన్ని త్యాగం అని పిలిస్తే లాభపడేది యజమాని ఒక్కడే.

3

సంస్థానాలు 1948 తరువాత చరిత్రలో కలిసిపోయాయి. జనానికి కొత్త వినోదం సినిమా అయింది. దాని రాత మద్రాసు చేరింది. కొడవటిగంటి కుటుంబరావు వంటి రచయిత 1952లో కొద్దికాలం ‘కినిమా’ పత్రికకు సంపాదకత్వం వహించారు. ముళ్లపూడి వెంకటరమణ ‘ఆంధ్ర పత్రిక’లో సినిమా సమీక్షలు రాశారు. 1966లో ‘విజయచిత్ర’, 1976లో ‘సితార’, ఆ మరుసటి సంవత్సరం ‘జ్యోతిచిత్ర’ వచ్చాయి. గాసిప్పు అప్పుడూ ఉంది, నటీమణుల బొమ్మల మీద మోజు అప్పుడూ ఉంది. అయినా వారపత్రికకు వారం గడువుంది. సినిమా చూసి, నిద్రపోయి, లేచి, ఆలోచించి రాయడానికి నాలుగు రోజులుండేవి. సమీక్షకుడికి జీతమో, వ్యాసానికి పారితోషికమో ఉండేది. ఆ గడువు వల్లనే సినిమా రాతకు ఒక వచనం, ఒక చమత్కారం, ఒక అభిప్రాయం అబ్బాయి. మన ప్రాంతం ఆ రోజులలో ఆ పత్రికలకు పాఠకుడిగానే మిగిలింది.

ఈ ప్రాంతపు యువకుడి చేతికి కలం దొరికింది దినపత్రికల జిల్లా అనుబంధాలతో. 1989లో ‘ఈనాడు’ జిల్లా సంచికలు ప్రారంభించిన తరువాత మిగిలిన పత్రికలూ అదే దారి పట్టాయి. మండలానికొక కంట్రిబ్యూటరు వచ్చాడు. అతని కూలికి ‘లైన్ అకౌంట్’ అని పేరు. అచ్చయిన వార్తను కొలిచి, ఆ కొలతకు ఇంత అని కడతారు. రాసింది కాదు, అచ్చయింది లెక్క. పాలమూరు పాఠకుడికి ఇది కొత్తగా తోచదు. దేశమంతటా ఆనకట్టలు కట్టిన మన మట్టిపని కూలీకి తవ్విన గుంత కొలిచి డబ్బు కట్టేవారు. ఇతనికి అచ్చయిన గుంత కొలిచి కట్టారు. రచన రూపం మళ్లీ కొలతకు లొంగింది. రెండు వాక్యాలలో తేలే వార్తకు ముందొక వర్ణన, వెనకొక పేర్ల పట్టిక చేరాయి. ప్రారంభోత్సవంలో పాల్గొన్నవారి పేర్లు వరసగా ఎందుకు వస్తాయో అర్థం కావాలంటే సెంటీమీటరు సంగతి తెలియాలి.

చట్టం ఏం చేసింది? వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లో వచ్చింది. పాలేకర్, బచావత్, మణిసానా, మజీథియా వేతన నిర్ణయాలు వరుసగా వచ్చాయి; మజీథియా సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ చట్టం పాక్షిక కాలపు విలేకరిని కూడా గుర్తించింది. కాని రెండు షరతులు పెట్టింది. జర్నలిజం ముఖ్య వృత్తి కావాలి, పత్రికా సంస్థలో నియుక్తుడై ఉండాలి. నియామక పత్రమే లేని లైన్ అకౌంట్ మనిషి ఈ రెండు ద్వారాల బయటే నిలబడిపోయాడు.

4

ఇక నేటి దశ. తెలుగు సినిమాకు ‘ఐడిల్‌బ్రెయిన్’ వంటి వెబ్‌సైట్లు 1999 ప్రాంతంలో వచ్చాయి. మొదట వాటి భాష ఎక్కువగా ఇంగ్లీషే. వాటి పాఠకులలో అమెరికాలోని తెలుగువారు చాలామంది. తెలుగు లిపి కంప్యూటరు మీద, ఆ తరువాత సెల్‌ఫోను మీద సులువుగా కుదిరేసరికి తెలుగు వెబ్‌సైట్లు పెరిగాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. మరుసటి నెలలోనే మన కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. చవక డేటా వల్ల గద్వాల కుర్రవాడు పాఠకుడూ అయ్యాడు, రాతగాడూ అయ్యాడు. 2020 లాక్‌డౌన్‌లో పత్రికల జిల్లా పేజీలు కుదించుకుపోయాక, వెబ్‌సైటుకు రాయడమే కొందరికి మిగిలిన దారి అయింది.

నా పూర్వ విద్యార్థి ఒకడు తన పని సంగతి చెప్పాడు. వెబ్‌సైటు వారు అతనితో నేరుగా మాట్లాడరు. మధ్యలో ఒకరు నెలకు ఇన్ని ఐటెంలని గుత్తకు తీసుకుని, పదిమందికి పంచుతారు. తెల్లవారుజామున వాట్సాప్‌లో విషయాల పట్టిక వస్తుంది. అరగంటలో ఒకటి చొప్పున తయారు కావాలి. ఆలస్యమైతే మరొకరికి పోతుంది. డబ్బు నెల దాటాక వస్తుంది, ఒక్కోసారి రాదు. వింటూంటే నాకు గుంపు మేస్త్రీ గుర్తుకు వచ్చాడు. అడ్వాన్సు ఇచ్చి ఊరి నుంచి మనుషులను పనికి తోలుకుపోయిన పాలమూరు మేస్త్రీ ఇప్పుడు ఫోనులో ఉన్నాడు.

కొలత కూలి మధ్యవర్తులను పెంచుతుందనీ, కూలివాడే తన వేగాన్ని తానే తరుముకునేలా చేస్తుందనీ మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో వివరించాడు. ఆ కూలి రుచి ఆయనకు స్వయంగా తెలుసు. 1850లలో ‘న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్’కు వ్యాసానికి ఇంత చొప్పున రాసి ఇల్లు గడుపుకున్నాడు. భారతదేశం మీద 1853లో ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసాలు ఆ పత్రిక కోసం రాసినవే. ఆయన రాసిన వాటిలో చాలా వాటిని పత్రిక వారు పేరు తీసేసి తమ సంపాదకీయాలుగా వేసుకున్నారు. అచ్చు కాని వాటికి డబ్బు లేదు. కనుక మన కుర్రవాడి కష్టం కొత్తదీ కాదు, చిన్నదీ కాదు.

ఈ దశలో కొత్తదనం తీర్పరిలో ఉంది. సంస్థానంలో తీర్పరి పండితుడు, పత్రికలో సంపాదకుడు. ఇప్పుడు తీర్పరి అంకె. ఎందరు నొక్కారన్నదే లెక్క, ఎందరు చదివారన్నది లెక్కలోకి రాదు. ఈ కూలి రూపానికి తగిన రచనా రూపం కూడా తయారైంది. శీర్షిక విషయం చెప్పదు, దాచిపెడుతుంది. ‘ఆ హీరోయిన్ ఏం చేసిందో తెలుసా’ అని అడుగుతుంది. మొదటి పేరా శీర్షికనే తిప్పి చెబుతుంది, రెండవ పేరా పాత సంగతి చెబుతుంది, అసలు మాట ప్రకటనల కింద చివరి పంక్తిలో ఉంటుంది. దీన్ని భాషా పతనమని మనం తిట్టవచ్చు. కాని అవధానాన్ని సభ మలచినట్టే, పేర్ల పట్టికను సెంటీమీటరు మలచినట్టే, ఈ ప్రశ్నార్థక శీర్షికను మలచింది అంకె. తిట్టవలసింది రాతగాడిని కాదు.

రెండవ కొత్తదనం పేరు మాయం కావడం. ఐటెం కింద ‘వెబ్ డెస్క్’ అని ఉంటుంది. సురవరంవారు మారుపేర్లు పెట్టుకున్నది ఒక్కడు పదిమందిగా వినిపించడానికి. ఇప్పుడు పదిమంది ఒక్క యంత్రంగా కనిపించడానికి పేరు తీసేస్తున్నారు. ఈ మాటే నేను వనపర్తిలో ఇదే పని చేస్తున్న ఒక అమ్మాయితో అన్నాను. ఆమె నవ్వి, ‘సార్, నా పేరు లేకపోవడమే నాకు నయం. నటి చీర కట్టు మీద నేను రాసిన ఐటెం మా నాన్న చదివితే ఏమనుకుంటాడు?’ అన్నది. ఆ జవాబును నేను తేలికగా తీసుకోలేకపోయాను. తన వాక్యాన్ని తనది కాదనుకోవడమే ఊరటగా తోచే స్థితికి రచయితను తెచ్చిన వ్యవస్థ ఇది. మరొక స్త్రీ దేహాన్ని అమ్మకానికి పెట్టే వాక్యాన్ని ఒక స్త్రీ చేత, కొలత కూలికి రాయిస్తోంది. పరాయీకరణ అనే మాటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నేను తరగతిలో చెప్పలేను.

5

మరి కర్తవ్యమేమిటి? ముందుగా, చేతిలో ఉన్న హక్కులు తెలుసుకోవాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రచయితే. పత్రికలో ఉద్యోగిగా రాసినదానికి ప్రచురణ హక్కు యజమానికి పోతుంది. ఉద్యోగి కానివాడికి ఆ మినహాయింపు వర్తించదు. అతను రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తేనే హక్కు బదిలీ అవుతుంది. ఆ ఒప్పందంలో కాలం పేర్కొనకపోతే అయిదేళ్లతో సరి. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షను కింద రచయితకే మిగులుతుంది. ఉద్యోగి కాకపోవడం వల్ల పోగొట్టుకున్నవి అనేకం, దక్కింది ఇదొక్కటి. వాట్సాప్ పట్టిక అందుకునే మన పిల్లలలో ఈ సంగతి తెలిసినవారు అరుదు.

రెండవది సంఘం. 2020లో చేసి 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కార్మిక స్మృతులలో వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనం డిజిటల్ మీడియాకు విస్తరించింది. అయితే ‘నియుక్తుడై ఉండాలి’ అన్న పాత గడప అలాగే ఉంది. ఆ గడప ఒంటరిగా దాటగలిగేది కాదు. వాక్యాన్ని యంత్రమే అల్లే రోజులు వచ్చాక ఇది మరింత స్పష్టమైంది. అమెరికాలో సినిమా, టెలివిజన్ రచయితలు 2023లో 148 రోజులు సమ్మె చేసి, యంత్రాన్ని రచయితగా చూపరాదనీ, దాన్ని వాడమని రచయితను బలవంతపెట్టరాదనీ ఒప్పందం రాయించుకున్నారు. వారికి ఆ బలం 1930ల నుంచి నిలబెట్టుకున్న సంఘం వల్ల వచ్చింది. మన దగ్గర రచయితల సంఘాలు లేకపోలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. కాని కవిత్వ సంపుటి ఉన్నవాడే రచయిత అన్న భావనను మనం ఇంకా వదులుకోలేదు. ఐటెం రాసే పిల్లవాడికి మన సభలో కుర్చీ లేదు.

మూడవది విమర్శకుల పని. పరిశోధక విద్యార్థులు గద్వాల సభలో చెప్పిన పద్యాల మీద సిద్ధాంత గ్రంథాలు రాశారు, రాయాలి కూడా. అదే గద్వాలలో ఇవాళ వెబ్‌సైటుకు రాస్తున్న వచనాన్ని ఎవరు సేకరిస్తారు? దాని వాక్య నిర్మాణాన్ని, దాని కూలి లెక్కను, రాసినవారి పేర్లను ఎవరు నమోదు చేస్తారు? వెబ్‌సైటు మూతపడితే ఆ రాతంతా ఒక్కరోజులో పోతుంది. 1934లో 354 పేర్లు అచ్చు వేయించడానికి ఒక్క మనిషి పూనుకున్నాడు. ఈ మూడు జిల్లాలలో పేరు లేకుండా రాస్తున్నవారి జాబితా తయారుచేయడానికి మన సంఘం జిల్లా శాఖలు పూనుకోవాలి. పేరు తెలిస్తేనే కూలి అడగవచ్చు. కూలి దక్కితేనే, సినిమా చూసిన మనిషి నిద్రపోయి, లేచి, ఆలోచించి రాయగలుగుతాడు.